నిండిన తొట్టికి మోటరు

తిరుచానూరు,
2 మార్చి 2025

ఏమ్మే లోకా,

తొలి బస్సులో ఇక్కడి పూలంగడికి వచ్చే మీ నాయన పూలబుట్ట ఖాళీగా తిరిగొచ్చినప్పుడు అడుగున పాలకవరులో ఈ కాగితం ఉంటుంది. నన్ను పెంచిన చిన్నాయన, మీ నాయన, చేతికి దొరికినా విప్పడు, నీకే ఇస్తాడని నా నమ్మకం.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటావు. మా అత్త దేవకమ్మకు చెవి మందం. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడినా స్పీకర్లో పెట్టాల్సిందే. మొన్న నువ్వు "ఆ ముసలామె ఇంకా నిద్రపోలేదా?" అన్నప్పుడు ఆమె నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. రెండు రోజులు నాతో మాట లేదు. ఇక నా ఫోన్ తెరిచే గుర్తు ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి మెసేజులూ వద్దు. ఉత్తరమే మేలు. అత్తకు చదువు రాదు. నేనే చదివి వినిపించాలి. వద్దనుకున్న వాక్యం మింగేస్తాను.

అడగాల్సిన విషయం ఇది. ఈ ఇల్లు మాకు అమ్మిన చెన్నై ఆయన పెరట్లో ఈత తొట్టి కట్టించుకున్నాడని చెప్పాను గదా. ముప్పై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు. ఒక పక్క మొల లోతు, ఇంకో పక్క నా తల మునుగుతుంది. మూలన చిన్న గదిలో పంపు ఉంది. దాన్ని రోజుకు ఎన్ని గంటలు తిప్పాలో ఎవరూ ఒక మాట చెప్పరు. సామాన్ల అంగట్లో ఒకడు నాలుగంటాడు, పక్కవాడు పన్నెండంటాడు. మీ బావ సూళ్లూరుపేట నుంచి శనివారం వస్తే "అమ్మా నువ్వూ తేల్చుకోండి" అని తువ్వాలు భుజాన వేసుకుని పోతాడు.

అత్త మాట ఒకటే. "నిండిన తొట్టికి మోటరెందుకే? నీళ్లు యాడికి పోయినాయని? మా సేన్లో తొట్టి నిండినాక మోటరు తిప్పితే మా మామ కట్టె దీసుకునేటోడు!" అని తనే వెళ్లి స్విచ్ ఆపేసి వస్తుంది.

నువ్వు నీళ్ల మీదే గదా ఎమ్మెస్సీ చేసింది. ఎన్ని గంటలో రాసి పంపు. నీ మాటంటే ఆమెకు గురి. "ఎమ్మెస్సీ పిల్ల" అని ఊరంతా చెప్పుకుంటుంది.

తొందరగా రాయి. ఎండలు ముదరకముందే తెలియాలి.

నీ అక్క,
ప్రశాంతి

*

కార్వేటినగరం,
5 మార్చి 2025

ఈత తొట్టి గల మా అక్కకు,

నీ ఉత్తరం మోటరు గది ముందర నిలబడి చదివాను. మాకు కరెంటు పొద్దున తొమ్మిది గంటలకు వచ్చింది. నలభై నిమిషాలు నీళ్లు పోసి బోరు దగ్గడం మొదలుపెట్టింది. నాయన స్టార్టరు ఆపి, "సాలుకు ఆరు చెట్లు ఎండుతాయిలే" అని మల్లె తోటలోకి నడిచాడు. నేను నీ ముప్పై అడుగుల పొడవును మళ్లీ చదివాను.

రెండుసార్లు చదివాను కాబట్టి చెబుతున్నాను. అందులో పొడవు ఉంది, వెడల్పు ఉంది, లోతు ఉంది. మీ అత్త మామగారి కట్టె కూడా ఉంది. "ఒకసారి రావే" అన్న మాట లేదు.

మన దిగుడుబావి గుర్తుందా? నేను పైపు మీద నిలబడి దూకేదాన్ని. నువ్వు మూడో మెట్టు మీద కూర్చుని నా బట్టలకు కాపలా కాసేదానివి. పాదం తడిస్తే చాలు, "అమ్మా, పామే!" అని అరిచేదానివి. అది కప్ప. ప్రతిసారీ కప్పే. ఆ బావి ఎండి తొమ్మిదేళ్లు. నేను ఈత కొట్టీ తొమ్మిదేళ్లే. ఇప్పుడు నేను చేసేదేమిటంటే, పుత్తూరు ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి నీటి ధర్మాలు చెప్పడం. అరవై బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షలు చేసి యూనివర్సిటీలో మెడలో పతకం వేయించుకున్నదాన్ని నేను. తొట్టి మాత్రం కప్పకు భయపడిన నీ పెరట్లో ఉంది. దేవుడు చిరునామా సరిగ్గా రాసుకోడని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరే, నీ ప్రశ్న. రెండు గంటలు చాలు. మీ అత్త చెప్పిందాంట్లో సైన్సు ఉంది. బురద నీళ్లు బిందెలో కదలకుండా పెడితే మడ్డి అడుక్కు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. మాటిమాటికీ కదిపితే ఆ మడ్డే పైకి లేస్తుంది. తొట్టయినా అంతే. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఈ పేరా ఆమెకు గట్టిగా చదివి వినిపించు.

మల్లెలు ఈసారి చిన్నవిగా ఉన్నాయని పూలంగడి నిర్మలమ్మతో చెప్పు. ఎందుకో ఆమెకు తెలుసు.

నీళ్లు చదివి ఒడ్డున మిగిలిన
లోకేశ్వరి

*

తిరుచానూరు,
14 మార్చి 2025

లోకా,

నీ ఉత్తరం ఇంట్లో పండగైపోయింది. నిర్మలమ్మ పూలిచ్చి వాకిట్లోంచే "ఉత్తరమొచ్చిందమ్మా!" అని కేకేసింది. అత్త పీట వేసుకుని కూర్చుంది. బావిలో కప్పలు, దేవుడి చిరునామా మింగేసి, రెండు గంటల పేరా మాత్రం చదివాను. ఆమె రెండో మారు చదివించుకుంది. పక్కింటి ఆమెను పిలిచి మూడో మారు చదివించింది. "సూసినావా! సదువుకోనిదాన్ని నేను జెప్పినాను, సదువుకున్నపిల్ల రాసింది. రెండూ ఒకటే!" అని నవ్వు. నేను కోడలిగా వచ్చి నాలుగేళ్లు, ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు నీ పుణ్యమే.

ఇప్పుడు ఇంకో మాట చెబుతాను, నవ్వకు. నేను ఈత నేర్చుకుంటున్నాను.

ఎదురింట్లో రూతు అని ఒకమ్మాయి, ఆస్పత్రిలో నర్సు. కాలేజీలో ఉన్నప్పుడు ఈత పోటీలకు వెళ్లిందట. డ్యూటీ అయ్యాక సాయంత్రం అయిదింటికి వస్తుంది. చుడీదారుతోనే దిగుతాం. నా పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "నేను తీసేటప్పుడు చెప్పే తీస్తానక్కా" అంటుంది. నిజంగానే చెప్పే తీస్తుంది. నీ మాదిరి నెట్టదు. నువ్వు నన్ను బావిలోకి నెట్టిన రోజు మింగిన నీళ్లు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. మొన్న మూడు బారలు ఆమె చెయ్యి లేకుండా వచ్చాను. గట్టు పట్టుకుని ఏడ్చేశాను.

నీళ్లు కొంచెం పాలు కలిపినట్టున్నాయి. అడుగున టైల్సు మసకగా కనిపిస్తున్నాయి. రూతు కూడా "ఏందక్కా ఇట్లుండాయి?" అంది. నీ మడ్డి దిగే లెక్క చెప్పాను. "మా కాలేజీలో శానా గంటలు తిప్పేవోళ్లక్కా" అంది. ఇంకో వారానికి తేరుకుంటాయా?

ప్రశాంతి

*

కార్వేటినగరం,
18 మార్చి 2025

ప్రశాంతక్కకు,

అభినందనలు. మూడు బారలు. మా మోటరు గది నుంచి మొదటి మల్లె సాలు దాకా మూడు బారలే ఉంటుంది, నిన్న కొలిచాను.

నేను నీకు ఆరు వేసవులు ఈత నేర్పాలని చూశాను. వంకాయ మూటలు కట్టే తాడు నడుముకు చుట్టి, సొరకాయ బుర్రలు చంకకు కట్టి, ఊరి పిల్లలందరి ముందూ నిన్ను వెక్కిరించిన జగ్గడితో కొట్లాడి. నువ్వు నేర్చుకోలేదు. ఇప్పుడు ఒక నర్సు అరచెయ్యి పెడితే పది రోజుల్లో వచ్చేసింది. తప్పు నా చేతిదే అయి ఉంటుంది. ఆమె చేతులు మెత్తగా ఉంటాయేమో. నావి పూలు కోసి కోసి గరుకయ్యాయి.

ఆ రూతు ఏం చదివింది? నర్సింగా? మంచిదే, సూది మందు గురించి అడగాల్సి వస్తే ఆమెను అడుగు. నీళ్ల గురించి నన్ను అడిగావు. కాబట్టి చెబుతున్నాను. నీళ్లు పాలలా ఉన్నాయంటే రెండు గంటలు కూడా ఎక్కువైందని అర్థం. మడ్డి దిగడానికి తీరిక ఇవ్వడం లేదు మీరు. ఎండాకాలంలో నీళ్లు పలచబడతాయి, తొందరగా తేరుకుంటాయి. గంటకు తగ్గించండి. పొద్దున ఒక్క గంట.

నాయనకు నడుము నొప్పి. అమ్మ నీ గురించి అడిగింది, "మన ప్రశాంతి రంగు తేలిందా?" అని. నీళ్లలో నానుతోంది కదా, తేలకుండా ఎలా ఉంటుందని చెప్పాను.

బడికి టైమైంది.

లోకేశ్వరి

*

తిరుచానూరు,
29 మార్చి 2025

లోకేశ్వరీ,

రేపు ఉగాది. మామిడాకులు కట్టాల్సిన చేత్తో ఇది రాస్తున్నాను. గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి కాబట్టి అత్త నన్ను స్టూలు ఎక్కనివ్వలేదు.

నువ్వు చెప్పినట్టు గంటకు తగ్గించాము. నాలుగో రోజుకు గోడలు పచ్చబడ్డాయి. వారానికి తొట్టి నిండా గోంగూర పులుసు. దోమల తోకపురుగులు ఆడుతున్నాయి. ఇరవై ఆరో తేదీ సాయంత్రం, అడుగు కనిపిస్తుందేమో చూద్దామని, మెట్టు మీద పాచి చూసుకోక కాలు పెట్టాను. గడ్డం గట్టుకు తగిలింది. రూతే తన చున్నీ అదిమిపెట్టి ఆటోలో తీసుకుపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక రూతు అత్తకు ఎదురుగానే చెప్పేసింది. "పెద్దమ్మా, ఎనిమిది గంటలకు తక్కువ తిప్పితే ఇట్లే అవుతాది. మా కాలేజీ తొట్టి ఆ మాదిరే తిప్పేవోళ్లు. నేను ముందే అక్కకు జెప్పినాను."

అత్త ఊరుకుంటుందా? "మా ఎమ్మెస్సీ పిల్ల మాట కంటే నీ మాట ఎక్కువా? నువ్వు నీళ్లు సదివినావా?" అనింది.

రూతు నా ముఖం చూసింది. నేను ఎవరి పక్క నిలబడ్డానో తెలుసా? నీ పక్క. "మా లోకా తప్పు రాయదు" అన్నాను, గడ్డానికి కట్టుతోనే. రూతు ఆ చున్నీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు అత్త తీర్మానం వినిపిస్తాను. "ఎమ్మెస్సీ లెక్క జేసినా బాగుపడలేదంటే ఆ తొట్టిదే దోషం. మన్ను బోసి కనకాంబరాలు ఏద్దాం." వచ్చే గురువారం, ఏప్రిల్ మూడు, మట్టి ట్రాక్టరుకు చెప్పేసింది. తిరుమలయ్య ట్రాక్టరు, ఇరవై ట్రిప్పులు. మీ బావ ఫోన్లో "అమ్మ ఇష్టం" అన్నాడు.

ఒక సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు దాచి లాభం లేదు. మొదటి ఉత్తరంలో నిన్ను రమ్మని ఎందుకు పిలవలేదని నిష్ఠూరమాడావు గదా. ఏప్రిల్ పదమూడు నీ పుట్టినరోజు. ఆ రోజు నిన్ను పిలిచి, నువ్వు చూస్తుండగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదుకుంటూ పోదామనుకున్నాను. నీళ్లు తేటగా ఉండాలనే ఎన్ని గంటలని అడిగింది. నీకు ముందే తెలిస్తే ఏం బాగుంటుందని రమ్మనలేదు; నేర్చుకుంటున్న సంగతి మాత్రం ఆగలేక చెప్పేశాను.

ఇంకొక్కటి. నీ ఉత్తరాలు అత్తకు చదివేది నేనే గదా. నీ రెండో ఉత్తరంలో గంటకు బదులు రూతు చెప్పిన ఎనిమిదని చదివి ఉంటే ఎవరికి తెలిసేది? మనసులో అనుకున్నాను కూడా. కాని రాసింది నువ్వు. నిజమే అయి ఉంటుందని గంటనే చదివాను.

ప్రశాంతి

*

కార్వేటినగరం,
31 మార్చి 2025

అక్కా,

ఇది రేపు తొలి బస్సుకే బుట్టలో వస్తుంది. బుట్ట సర్దేటప్పుడు నాయన, "ఏందిమే, పండగ తెల్లారి కూడా రాతేనా?" అన్నాడు. నేను చేసింది చెప్పాను. పూలు తడిపే గుడ్డ బుట్ట మీద పరిచాడు. "మన ఇంట్లో పెరిగిన బిడ్డకా?" అని ఒక్క మాటన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎనిమిది గంటలు. నాకు మొదటి రోజే తెలుసు. నీ పొడవు, వెడల్పు, లోతు చదివిన నిమిషంలోనే మనసులో లెక్క కట్టాను, ఎనిమిది వచ్చింది. కాగితం మీద రెండని రాశాను.

ఎందుకని అడుగుతావు. ఆ రోజు మా బోరు దగ్గుతోంది. నువ్వు రమ్మనలేదు. నీ నీళ్లు కొంచెం చెడితే నా కడుపు చల్లబడుతుందనిపించింది. అంతకంటే గొప్ప కారణం లేదు. రెండోసారి గంట అని రాసింది రూతు మీద కోపంతో. నేను ఆరేళ్లు చెయ్యలేనిది ఆమె పది రోజుల్లో చేసింది. నీ పొట్ట కింద ఆమె చెయ్యి ఉందని చదివి నేను అన్నం తినలేదు. ఇంత చదివినదానికి ఇంత చిన్న బుద్ధి ఎలా మిగిలిందో నాకే తెలియడం లేదు.

నీ గడ్డం తగిలిన గట్టు దగ్గర నేను లేను. కాని మెట్టు మీద పాచి పరిచింది నేనే.

కింద రాసినది మీ అత్తకు. ఒక్క మాట మింగినా నా మీద ఒట్టు. పక్కింటామె ముందు చదివించావు కదా, ఇదీ ఆమె ముందే చదువు.

"దేవకమ్మత్తకు, కార్వేటినగరం నారాయణ కూతురు లోకేశ్వరి దణ్ణం పెట్టి రాసుకునేది.

అత్తా, పంపు గురించి నేను రాసింది అబద్ధం. తెలియక రాసింది కాదు, తెలిసే రాశాను. మా అక్క పెరట్లో నీళ్లున్నాయి, మా ఇంట్లో లేవు. ఓర్వలేకపోయాను.

నిండిన తొట్టికి మోటరెందుకని మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. చేలో మోటరు నీళ్లు తేవడానికి. ఈ మోటరు నీళ్లు తెచ్చేది కాదు. తొట్టిలో నీళ్లే లాక్కుని, ఇసుక నింపిన డబ్బాలో వడకట్టి, మళ్లీ తొట్టిలోకే వదులుతుంది. చింతపులుసు గుడ్డలో వడగట్టినట్టు అనుకోండి. పైపైన గరిటెడు వడగట్టి పిప్పి పోయిందంటామా? మొత్తం పులుసు గుడ్డలోంచి దిగాలి. మీ తొట్టిలో యాభై ఏడు వేల లీటర్ల పైన ఉంటాయి. అటువంటి తొట్టికి పెట్టే పంపు గంటకు ఏడెనిమిది వేల లీటర్లు వడగడుతుంది. అంటే నీళ్లన్నీ ఒక్కసారి దిగడానికి ఎనిమిది గంటలు. అది కూడా మామూలు రోజుల్లో. ఎండలు ముదిరితే ఇంకో గంటో రెండో పెంచాలి. తగ్గించకూడదు. కదలని నీళ్లకు ఎండ తగిలితే పాచి పడుతుంది. బిందెలో మడ్డి దిగే మాట నిజమే. కాని ఆ బిందె మనం రోజూ కడుగుతాం. తొట్టి కడగం.

ఒకేసారి తిప్పాలని లేదు. పొద్దున ఆరు నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. ఇప్పుడున్న పచ్చదనానికి మాత్రం గోడలు బ్రష్షుతో రుద్ది, క్లోరిన్ మందు డబ్బా మీద రాసిన కొలత ప్రకారం వేసి, నీళ్లు తేటపడేదాకా రాత్రీ పగలూ తిప్పాలి. ఇసుక డబ్బాలోకి మధ్యమధ్యలో నీళ్లు ఎదురు తిప్పి, ఇసుకకు పట్టిన మురికి కడిగేయాలి. అందాకా ఎవరూ దిగొద్దు.

ఎదురింటి రూతు చెప్పింది అక్షరాలా నిజం. నీళ్లు చదివావా అని ఆ అమ్మాయిని మీరు అడిగిన మాట నన్ను అడగాల్సింది.

తొట్టిలో దోషం లేదు. మన్ను పోయించవద్దు. మీరు నన్ను ఎమ్మెస్సీ పిల్ల అని నలుగురిలో చెప్పుకున్నారు. ఇకమీదట చెప్పుకోవద్దు."

అక్కా, ఇంతే. పదమూడో తేదీ గురించి నేను ఏమీ అడగను.

లోకేశ్వరి

*

తిరుచానూరు,
8 ఏప్రిల్ 2025

లోకేశ్వరీ,

చదివాను. ఒక్క మాట మింగలేదు. పక్కింటామెను పిలవమన్నావు, పిలిచాను. "ఓర్వలేకపోయాను" అన్న దగ్గర ఆగాను. అత్త "సదువు" అంది. చదివాను.

ముగిశాక ఆమె ఒత్తులు చేసుకోవడం మొదలుపెట్టింది. నేను నీ తరఫున తిట్లు తినడానికి సిద్ధమయ్యాను. ఆమె అంది, "మా తోటికోడలు చీర నాకంటే బాగుండాదని నేను దండెం మీదనే నిప్పురవ్వ పెట్టినా. నలభై ఏండ్లాయ. ఇంతవరకు ఎవురికీ జెప్పలే." పక్కింటామె పీట దగ్గరికి లాక్కుంది. అత్త ఇంకా, "ఈ పిల్లకు కుళ్లు ఉండాది. జెప్పుకునే దమ్ము గూడా ఉండాది. నాకు మొదటిదే ఉన్నింది" అని లేచి వెళ్లి తిరుమలయ్యకు ఫోన్ చేసింది, స్పీకర్లోనే. అతను ఒక ట్రిప్పు మట్టి అప్పటికే ఎత్తించాడట. దాన్ని వాకిట్లో పోయించుకుని అందులో కనకాంబరాలు వేస్తోంది.

అయిదు రోజులు పంపు ఆగలేదు. నేనూ అత్తా గోడలు రుద్దాం. నిన్న పొద్దున అడుగున టైలు మీద చెన్నై ఆయన వేయించుకున్న నీలం చేప కనిపించింది. ఇప్పుడు ఆరింటికి స్విచ్ వేసేది అత్తే. పదికి ఆపేది కూడా ఆమే, గడియారం ముందు నిలబడి.

రూతు ఇంటికి నేనే వెళ్లాను. లోపలికి రమ్మనలేదు, వాకిట్లోనే నిలబెట్టింది. మా చెల్లెలి ఉత్తరం నేనే తప్పుగా చదివానని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నీ కోసం ఒకసారి ఆమె ముందు తప్పుగా నిలబడ్డాను, చాలు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె, "మీ చెల్లెలు నన్ను సూడకుండానే అంత కోపం పెట్టుకునిందా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిన్న సాయంత్రం అయిదింటికి వచ్చింది.

నా కుట్లు విప్పారు. గీత ఉంటుందట. నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. ఉత్తరం రాసినంత మాత్రాన పోదు. రాత్రి పడుకుంటే, నువ్వు 'రెండు' అని రాస్తున్నప్పుడు నీ ముఖం ఎలా ఉండి ఉంటుందోనని ఆలోచిస్తాను. ఆ ముఖం నాకు తెలిసిన ముఖం కాదు.

అయినా పదమూడున రా. ఆదివారమే గదా, నీకు బడి ఉండదు. పూలబుట్టతో పాటే తొలి బస్సు ఎక్కు. చిన్నాయనను కూడా తీసుకురా. నడుము నొప్పికి రూతు ఏదో నూనె చెబుతానంది.

ఒక్క షరతు. నువ్వు నీళ్లలో దిగొద్దు. మార్చుకునే బట్టలు తెచ్చుకోవద్దు. అత్త పక్కన గట్టు మీద కూర్చో. రూతు నీళ్లలో ఉంటుంది, లోతు పక్క. నేను ఇటు నుంచి బయలుదేరి ఆమె దగ్గరికి పోతాను. మధ్యలో నీళ్లు మింగుతానేమో, ఆగి దగ్గుతానేమో. నీకు దూకాలనిపిస్తుంది. నాకంటే నువ్వే బాగా ఈదగలవని నీకు తెలుస్తూనే ఉంటుంది. అయినా కదలకుండా కూర్చో.

నేను ఆ గట్టు చేరేదాకా నన్ను చూడు. మెచ్చుకోవద్దు. ఊరికే చూడు.

ప్రశాంతి